తిట్లు మోసిన తీగ

జూన్ 2

మోటార్ల షాపాయన మొహం మీదే అనేశాను, నీ సరుకు చెత్త అని. అతను టీ ఊదుకుంటూ, "మేడమ్, మోటారుకి సొంత బుర్ర ఉండదు. తిరగమంటే తిరుగుతుంది, ఆగమంటే ఆగుతుంది. చెప్పేవాళ్ళు ఎలా చెప్తున్నారో చూసుకోండి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మూడు మోటార్లూ కౌంటర్ మీద పడేసి మార్చి ఇమ్మన్నాను. మార్చనన్నాడు. తిరిగి సంచీలో వేసుకుని వస్తుంటే సంచీ తెగి ఒకటి రోడ్డు మీద పడింది. దాన్ని వంగి తీయకుండా ముందు ఒక తన్ను తన్నాను. బొటనవేలు వాచింది. ఆ వాపు కూడా షాపాయన పుణ్యమే.

అక్క దగ్గర ఇవాళా అదే తంతు. దిండు మీద, కుడి బుగ్గ పక్కన మెత్తటి బటన్ పెట్టాను. బుగ్గతో ఒకసారి నొక్కితే చెంచా గిన్నెలో మునిగి, జావ తీసుకుని, నోటి వైపు వస్తుంది. రెండోసారి నొక్కితే ఎక్కడుంటే అక్కడ ఆగాలి. ఆగాలి! అది నొక్కాక కూడా ముందుకే పోతుంది, జీతం పెంచమంటే వినిపించనట్టు నడిచిపోయే మా వర్క్‌షాపు ఓనరులాగా. చెంచా పెదవి దాటి పంటికి తగిలింది. సగం జావ గడ్డం మీదికి కారింది. బావ తువ్వాలుతో తుడవబోతే, "ఆగండి. తుడవమని నేను అడిగానా?" అంది అక్క.

మెడ కింద ఏదీ కదలని మనిషికి ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుందో. మెట్ల మీంచి పడకముందు ఆవిడ టేబుల్ టెన్నిస్ కోచ్. ఆట పిల్లలు 'విజిల్ మేడమ్' అనేవాళ్ళు. విజిల్ మెడలో వేలాడేది కానీ దాని అవసరం ఎప్పుడూ రాలేదు.

బావ చేత్తో తినిపిస్తే తినదు. ఆయన చెంచా చెంచాకూ, చాలా, ఇంకొంచెం పెట్టనా, వేడిగా ఉందా, గొంతులో పడిందా అని అడిగి అడిగి ఆవిడ నోరు మూయించాడు. "నా నోట్లోకి ఎప్పుడు ఏం రావాలో నేను చెప్తాను. అంతే" అని తీర్మానించేసింది. అందుకే ఈ మెషిన్. నెలాఖరున డాక్టరమ్మ మళ్ళీ తూకం చూస్తుంది. ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి అందులో పోయడమేనంది. గొట్టం మాట విన్నప్పుడు అక్క ఏమీ అనలేదు. అక్క ఏమీ అనకుండా ఉండడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడడం.

జూన్ 3

తీగ మార్చాను. ఏమీ మారలేదు. తీగ అమ్మినవాడూ దొంగే.

జూన్ 5

బాగుచేయడానికి మెషిన్ మా ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి నుంచి ఆలోచిస్తాను. అక్క బటన్ నొక్కుతుంది. ఆ కబురు లాప్‌టాప్‌కి పోతుంది. లాప్‌టాప్ నుంచి ఒక తీగలో బోర్డుకి పోతుంది. బోర్డు మోటార్లకు చెబుతుంది. ఈ దారిలో ఎక్కడో ఒక వెధవ కునుకు తీస్తున్నాడు. వాణ్ణి పట్టుకోవాలి.

అందుకని, బోర్డు తాను చేసే ప్రతి పనినీ అదే తీగలో వెనక్కి నాకు చెప్పేలా ప్రోగ్రాంలో మాటలు పెట్టాను. మొదట్లో మర్యాదగానే పెట్టాను. 'కబురు చదివాను.' 'మోటారు ఆపాను.' స్క్రీన్ ముందు కూర్చుని ఆ మర్యాదంతా చూసేసరికి చిర్రెత్తుకొచ్చింది. చెరిపేసి, 'ఇక్కడిదాకా ఏడ్చావు, ఆ తర్వాత ఏం చేస్తున్నావురా సన్నాసీ' అని పెట్టాను. మూడో మోటారు కోసం ప్రత్యేకంగా, 'వీడింకా లేవలేదు, వీడి మొహం మండా' అని. అవి స్క్రీన్ మీద జలజలా రాలుతుంటే మనసు కాస్త కుదుటపడింది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. ఎవరు చూడొచ్చారు?

వర్క్‌షాపులో గోరువెచ్చ పలకరించాడు. వాడికి ఆ పేరు పెట్టింది నేనే. వేడెక్కడు, చల్లబడడు. మేము చేసేది పౌడర్ ప్యాకెట్లు నింపే మెషిన్లు. మొన్న ఒకటి గొట్టం ఊడి వాడి నెత్తి మీద బస్తా పౌడర్ పోసింది. తెల్లగా నిలబడి "చూద్దాం" అన్నాడు.

"మీ అక్కగారి మెషిన్ ఎంతవరకూ వచ్చింది?" అన్నాడు ఇవాళ.

"వస్తోంది."

"కావాలంటే ఒకసారి నేను చూస్తాను."

"అక్కర్లేదు."

వాడి ముందు నా ప్రోగ్రాం తెరిచి పెట్టడం కంటే ఆ మూడో మోటారును నమిలి మింగడం నయం.

జూన్ 6

ఆలస్యం ఇంకా పెరిగింది. నాకూ పౌరుషం పెరిగింది. ఇంకొన్ని తిట్లు పెట్టాను.

జూన్ 8

దొరికింది.

మధ్యాహ్నమంతా బోర్డు పంపిన మాటలు వరసగా చదివాను. ఆపమన్న కబురు చదవడానికీ మోటారు ఆపడానికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. ఎన్నిసార్లు చూసినా అంతే. చదవడం, ఆపడం, చదవడం, ఆపడం. బోర్డు బంగారం. మోటార్లు బంగారం. ఆ షాపాయనను ఊరికే ఆడిపోసుకున్నాను, సరే, వాడికి టీ తాగే తీరు బాగాలేదు కాబట్టి అది చెల్లు.

మరి ఎవరు? లాప్‌టాప్ కాదు, అదీ చూశాను. తీగ కొత్తది. బటన్ కొత్తది.

ఇంక మిగిలింది బుగ్గ.

జూన్ 9

ఇవాళ రక్తం వచ్చింది. చెంచా పంటి చిగురుకి తగిలింది. పెద్ద గాయమేం కాదు, కానీ జావ ఎర్రబడింది. బావ మెషిన్ స్విచ్ పీకేశాడు. నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌ను గోడకేసి కొట్టాను.

"ఎందుకే ఆపలేదు?" అని అరిచాను.

"నొక్కాను" అంది అక్క.

"ఎప్పుడు నొక్కావ్?"

"నోటి దగ్గరికి రాగానే."

"రాగానే కాదు, వచ్చాక. నేను మొత్తం లెక్క చూశాను. కబురు అందిన మరుక్షణం మెషిన్ ఆగుతోంది. నువ్వే ఆలస్యంగా నొక్కుతున్నావ్."

"నాకు వెంటనే నొక్కినట్టే ఉందే."

"నీకలా అనిపిస్తుంది. అనిపించడం వేరు, నొక్కడం వేరు."

అక్క కాసేపు పైన ఫ్యాన్ వైపు చూసింది. తర్వాత, "బుగ్గ కూడానా?" అంది. చాలా చిన్నగా అంది. నేను తీగలు చుడుతున్నాను. జవాబు చెప్పలేదనుకుంటాను.

జూన్ 10

అన్నదాంట్లో తప్పేముంది? ఉన్నమాట చెప్పాను. మెషిన్ గురించి అబద్ధం చెప్పమంటారా?

జూన్ 11

తప్పేమీ లేదు.

జూన్ 13

బావ ఫోన్ చేశాడు. ఆయనది తాళాల రిపేరు షాపు. షాపు నుంచి మాట్లాడితే వెనక ఆకురాయి గీకుతున్న చప్పుడు వస్తుంది. ఇవాళ చప్పుడు లేదు. ఇంట్లోనే ఉన్నాడు.

"మీ అక్క మధ్యాహ్నం పూట మెషిన్ ఆన్ చెయ్యమంటోంది. గిన్నెలో ఏమీ లేకుండా. ఖాళీ చెంచాతో ప్రాక్టీస్ అంట."

"మంచిదేగా బావా."

"మంచిదా? రెండు గంటలు అలా నొక్కుతూనే ఉంటుంది. ఆ బటన్ రాసుకుని బుగ్గ ఎర్రగా కమిలింది. దూది పెడతానంటే వద్దంటుంది. దూది ఉంటే ఇంకా లేటవుతుందట."

"మీరు ఆపొచ్చుగా."

"మీ అక్కను?" అన్నాడు. ఆ వెంటనే, "మాటిమాటికీ అద్దం తెమ్మంటోంది" అన్నాడు. కమిలిన చోటు చూసుకోవడానికి కాబోలు. ఆ బటన్ పైన గుడ్డ మరీ గరుకుగా ఉంది, నిజమే. ఆ గుడ్డ అమ్మినదాన్ని ఏం చేసినా పాపం లేదు.

జూన్ 15

చూశారా! నేను చెప్పలేదా!

అక్క ఇవాళ గిన్నెలో సగం తింది. చెంచా ఇంకా దారిలో ఉండగానే, ముక్కు దాకా కూడా రాకముందే బుగ్గ నొక్కేస్తోంది. చెంచా సరిగ్గా పెదవుల మధ్యకు వచ్చి నిలబడుతోంది. బావ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఏమైనా ఆటే కదే. బంతి వచ్చాక బ్యాట్ ఎత్తితే అయిపోయినట్టే" అంది అక్క. కళ్ళు లోపలికి పోయాయి, మెడ ఎముకలు తేలాయి, కానీ ఆ మాట అన్నది పాత విజిల్ మేడమే.

అంటే తప్పు బుగ్గదే. సందేహం లేదు. నేను తేల్చిచెప్పాక ఆవిడ దిద్దుకుంది. అందరూ నా మీద ఎగిరారు కానీ చివరికి నా మాటే నిజమైంది.

బుగ్గ వేగం ఎలా మారుతోందో రోజూ చూసుకుంటే ఇంకా బాగుంటుంది. సాయంత్రం బోర్డుకి మరికొన్ని మాటలు నేర్పాను. ఇవి అక్క కోసం. 'నొక్కవే తల్లీ నొక్కు.' 'బుగ్గ నిద్రపోతోందా, బుగ్గకి కూడా టీ ఇవ్వాలా?' సరదాకి. లాప్‌టాప్ స్క్రీన్ ఆవిడ వైపు తిప్పనుగా.

జూన్ 16

మళ్ళీ మొదటికొచ్చింది. చెంచా పంటికి తగిలింది.

"నిన్నటి లాగే నొక్కానే" అంది.

"నిన్నటి లాగా అయితే ఆగేది."

"ఇంకా ముందు నొక్కాలేమో."

"నొక్కు మరి. ఎవరొద్దన్నారు?"

బావ కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ కిటికీ లోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు.

జూన్ 18

బావతో గొడవ. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచడం చూడలేదు.

"ఇంక దీన్ని తీసుకుపో. చెంచా గిన్నెలోంచి లేవకముందే నొక్కుతోంది పాపం, అయినా వచ్చి మొహం మీద గుద్దుతోంది. తినేది లేదు, రోజూ దెబ్బలు. దీని కంటే గొట్టమే నయం."

"గొట్టం మీకు నయం. ప్రతి చెంచాకీ 'చాలా? ఇంకొంచెమా?' అని అడిగే పని తప్పుతుంది."

ఆయన మొహం మాడిపోయింది. "నేను అడిగేది ఆవిడ మాట్లాడుతుందని" అన్నాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు.

లోపల్నుంచి అక్క, "మెషిన్ ఎక్కడికీ పోదు" అంది. "ఒసే నిప్పుకోడీ, నువ్వు వచ్చి గుడ్డ మార్చు. బుగ్గ మండుతోంది." చిన్నప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తుంది. వెళ్ళి మెత్తటి గుడ్డ వేశాను. బుగ్గ మీద చర్మం లేచి, లోపలి పచ్చి కనిపిస్తోంది.

ఎవరి మీద కోప్పడాలో తెలియక వస్తూ వస్తూ ఆటోవాడి మీద కోప్పడ్డాను.

జూన్ 20

గోరువెచ్చను అడిగాను. అడిగేశాను. "చూద్దాం" అన్నాడు. ఈ పూటే వస్తానన్నాడు. నెలాఖరు ఇంకెంతో లేదు, నా పరువు తర్వాత చూసుకోవచ్చు.

అక్కను ఒప్పించి మెషిన్ మళ్ళీ మా ఇంటికి తెచ్చాను. వాడు వచ్చేలోపు ప్రోగ్రాం ఒకసారి తెరిచాను. దేవుడా. పైనుంచి కిందిదాకా తిట్లే. కొన్నయితే నేను పెట్టినట్టు నాకే గుర్తులేదు. మోటార్లకు, బోర్డుకు, షాపాయనకు, తీగలకు, అక్కకు. ఒక చోట ఓనరు కూడా ఉన్నాడు, ఆయన ఇందులోకి ఎందుకు వచ్చాడో తెలియదు. వీటిని గోరువెచ్చ చూస్తే రేపటి నుంచి వర్క్‌షాపులో నా మొహం ఎక్కడ పెట్టుకోను? గబగబా మొత్తం తీసి పారేశాను. మర్యాద మాటలు కూడా ఉంచలేదు. శుభ్రంగా ఊడ్చిన ఇల్లులా ఉంది.

వాడు వచ్చి కుర్చీలో కూర్చుని బటన్ వేలితో నొక్కాడు. చెంచా కదిలింది. మళ్ళీ నొక్కాడు.

ఆగింది.

నొక్కిన చోటే ఆగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ ఆగింది. సగం దారిలో, పావు దారిలో, ఎక్కడంటే అక్కడ.

"బాగానే ఉందిగా" అన్నాడు.

"ఉండకూడదు!" అని అరిచాను. వాడు నా వైపు చూశాడు. "అంటే, ఇప్పటిదాకా లేదు."

"ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదు."

వాడు టీ తాగి వెళ్ళిపోయాడు. ఏమీ మార్చలేదు, నిజంగానే. కొన్ని అనవసరమైన మాటలు తీశాను, అంతే.

జూన్ 21

తిట్లు మళ్ళీ పెట్టాను. ఆలస్యం వచ్చింది. తీశాను. పోయింది. సగం పెట్టాను. సగం ఆలస్యం వచ్చింది.

ఇంక ఇది నేను నా చేత్తో రాయాలి కాబట్టి రాస్తాను. ఆ తీగ సన్నటిది, నిదానమైనది. అందులో ఒక్కో అక్షరమే వరసలో పోవాలి. బోర్డు ఒక తిట్టు మొత్తం పంపితే గాని తర్వాతి పనికి రాదు. ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు నేను నేర్పిన తిట్లన్నీ ఒక్కటి కూడా వదలకుండా నాకు అప్పజెప్పాలి. అక్క పంపిన 'ఆగు' అంతసేపూ గుమ్మం బయట నిలబడి ఉంది. తిట్లు అయ్యాక బోర్డు తలుపు తీసి, కబురు చదివి, వెంటనే ఆపేది. చదివిన క్షణం నుంచే నేను లెక్క చూశాను. గుమ్మం బయట ఎంతసేపు నిలబడిందో ఎవరు చూశారు?

ఇంకొకటి ఉంది. తిట్లు తెలుగులో రాశాను కదా. ఇంగ్లీషు అక్షరం ఆ తీగలో ఒక్క చోటు తీసుకుంటుంది. తెలుగు అక్షరానికి కనీసం మూడు చోట్లు కావాలి. వత్తులూ గుణింతాలూ వేరే. ఇదేం కొత్త సంగతి కాదు, ఇది నా రోజువారీ పని. ఏ ఇంగ్లీషు బూతో పెట్టి ఉంటే ఇంత అయ్యేది కాదు. నాకేమో కోపం తెలుగులో తప్ప రాదు.

మొదట్లో పెట్టిన మర్యాద మాటలు చాలు కొంత ఆలస్యానికి. అంతకుముందు కూడా, అసలు మొదటి రోజు నుంచీ, మోటారు ఎక్కడుందో చెప్పే ఒక వరస అందులో ఉండేది. వర్క్‌షాపులో అలవాటుగా పెట్టేది. ఆలస్యం ఎక్కడుందో వెతకడానికి ఆలస్యాన్ని నింపుతూ పోయాను. ఆవిడ బుగ్గను వెక్కిరించడానికి పెట్టిన మాటల వల్లే పదిహేనో తేదీన తిన్న మనిషి పదహారో తేదీన తినలేకపోయింది.

ఇంట్లో ఇంక పగలగొట్టడానికి ఏమీ లేదు. రెండు కప్పులు మిగిలాయి, అవి ఎవరో కానుకగా ఇచ్చినవి.

జూన్ 22

తిట్లు లేని ప్రోగ్రాం ఎక్కించాను. ఈ రోజు చెప్పేద్దామనే మెషిన్ తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

అక్క నొక్కింది. చెంచా జావతో లేచింది. లేచీ లేవగానే మళ్ళీ నొక్కింది, ఈ మధ్య నేర్చుకున్నట్టే. చెంచా అక్కడే ఆగిపోయింది. గిన్నె మీద, నోటికి చాలా దూరంలో.

అక్క నోరు తెరిచే ఉంది. తల ఎత్తడం తనవల్ల కాదు కదా. నాలుక కొంచెం బయటికి చాపి, లోపలికి తీసుకుంది. చెంచాలోంచి జావ బొట్టు బొట్టుగా గిన్నెలోకే పడుతోంది.

"తొందరపడ్డాను" అంది. "ఈసారి మరీ ముందు నొక్కేశాను. నాదే తప్పు."

నేను చెప్పాలి. నోట్లో మాట ఉంది. "పర్లేదు, మళ్ళీ నొక్కు" అన్నాను.

మళ్ళీ నొక్కింది. ఆగింది, కొంచెం దగ్గరగా. మళ్ళీ. మళ్ళీ. గిన్నె సగమయ్యేసరికి చెంచా పెదవుల దగ్గరే ఆగుతోంది. గిన్నె ఖాళీ అయింది. ఇంకో గిన్నె అడిగింది. బావ వంటింట్లోకి పోయి చాలాసేపటి దాకా రాలేదు. "చూశావా, ప్రాక్టీస్ అంటే ఇదీ" అంది అక్క.

"అవును" అన్నాను. ఆ ఒక్క మాటకే నన్ను చెప్పుతో కొట్టాలి.

జూన్ 23

చెప్పలేదు. తింటోంది కదా. తినేటప్పుడు ఎందుకు?

జూన్ 25

గెలిచానన్న సంతోషంలో ఉంది. ఆ సంతోషం లాక్కోవడం ఎందుకు. ఇది నా పిరికితనం కాదు, ఆవిడ ఆరోగ్యం.

జూన్ 28

తూకం పెరగలేదు, తగ్గలేదు. డాక్టరమ్మ "గొట్టం ఇప్పుడే వద్దులెండి, ఇలాగే తిననివ్వండి" అంది. బావ రెండు చేతులూ జోడించాడు. అంతటితో అయిపోయేది.

అక్క ఊరుకుంటేనా. "మధ్యలో నా బుగ్గ మొండికేసింది డాక్టర్. నొక్కమంటే ఆలస్యంగా నొక్కేది. ట్రైనింగ్ ఇచ్చి దారికి తెచ్చాను" అంది గొప్పగా.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "బుగ్గ ఆలస్యమైందా? ఎప్పటి నుంచి?" లేచి వచ్చి అక్క మొహం రెండు పక్కలా వేళ్ళతో నొక్కి చూసింది. నవ్వమంది. కళ్ళు గట్టిగా మూయమంది. "దెబ్బ తగిలింది మెడకి. మొహం దాకా రాకూడదు. వస్తోందంటే వేరే ఏదో ఉన్నట్టు. అడ్మిట్ చేసి, సూదులు గుచ్చి నరాల పరీక్ష చేయాలి."

అక్క గొప్ప అంతా దిగిపోయింది. "నాకు ముందే అనుమానంగా ఉంది డాక్టర్. బుగ్గ పోతే తర్వాత మాట పోతుంది, కదా?" అంది.

బావ నా పక్కకు వంగి, "అందుకే అద్దం. రోజూ నా చేత అద్దం పట్టించుకుని నవ్వి చూసుకునేది. రెండు పక్కలా ఒకేలా నవ్వు వస్తోందో లేదో అని" అన్నాడు. నాకు చెప్పొద్దందట.

'బుగ్గ కూడానా' అని అడిగిన రోజు నుంచీ. ఇన్ని రోజులుగా.

"పరీక్ష అక్కర్లేదు" అన్నాను గట్టిగా. గదిలో అందరూ నా వైపు తిరిగారు. "బుగ్గకి ఏమీ కాలేదు. తప్పు మెషిన్‌ది."

మెషిన్‌ది అన్నాను. అక్కడ కూడా నాది అనలేదు.

"ముందు మీరు మీరు తేల్చుకోండి" అని డాక్టరమ్మ విసుక్కుంది. ఇంటికి వచ్చేదాకా అక్క బండిలో కళ్ళు మూసుకునే ఉంది, కానీ నిద్రపోలేదు.

జూన్ 29

"ఇప్పుడు చెప్పు. మెషిన్‌ది అంటే ఎవరిది?" అంది అక్క.

"నాది."

మొత్తం చెప్పాను. తీగ, గుమ్మం బయట నిలబడ్డ కబురు, ఒక అక్షరానికి మూడు చోట్లు, అంతా. బావ గుమ్మానికి ఆనుకుని విన్నాడు. అక్క మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఏమని తిట్టావో చదువు" అంది చివరికి.

పాత ప్రోగ్రాం తీసి చదివాను. సన్నాసి దగ్గర బావకు నవ్వొచ్చింది, దగ్గినట్టు నటించాడు. షాపాయన అయ్యాడు, మూడో మోటారు అయ్యాడు, ఓనరు అయ్యాడు. ఆపేశాను.

"నన్ను తిట్టినవేవీ?"

"నిన్నెందుకు తిడతాను?"

"నిప్పుకోడీ, చదువు."

చదివాను. నొక్కవే తల్లీ. బుగ్గకి కూడా టీ ఇవ్వాలా. గదిలో ఆ మాటలు ఎంత పొడుగ్గా ఉన్నాయో అప్పుడు తెలిసింది. నేను తల దించుకుని ఏడ్చాను. అక్క ఏడవలేదు. కోపంతో ఆవిడ మెడ మీద నరం ఉబ్బింది. కదిలే చేతులుంటే నన్ను కొట్టేది, కొడితే బాగుండేది.

"నువ్వెప్పుడైనా దీంతో ఒక చెంచా తిన్నావా?" అంది.

లేదు. వేలితో నొక్కి చూశాను. గోరువెచ్చ చేత నొక్కించాను. గాల్లో ఆపి చూశాను. నోరు పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు.

"ఆ తిట్లన్నీ మళ్ళీ ఎక్కించు. ఒక్కటి కూడా వదలకు. నావి కూడా."

"అక్కా..."

"ఎక్కించి, ఆ కుర్చీలో కూర్చో. చేతులు వెనక్కి పెట్టుకో. తల కదిపితే ఒప్పుకోను."

"ఇప్పుడు ఇదంతా అవసరమా?" అన్నాడు బావ.

"మీరుండండి. మెషిన్ ఇటు జరపండి."

తిట్లన్నీ ఎక్కించాను. కుర్చీలో వెనక్కి వాలి చేతులు వెనక పెట్టుకున్నాను. బావ దిండు సర్ది, బుగ్గ పక్కన బటన్ పెట్టాడు. బుగ్గతో నొక్కాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చెంచా మునిగి, లేచి, నా మీదికి వచ్చింది. కూర్చుని చూసేటప్పుడు అది ఇంత పెద్దగా కనిపించలేదు. నోటికి ఇంకా దూరం ఉండగానే నొక్కాను. గట్టిగా నొక్కాను. అది వస్తూనే ఉంది. మళ్ళీ నొక్కాను. తల వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోకూడదు. పెదవి దాటి టక్కున పంటికి కొట్టింది. జావ గడ్డం మీద నుంచి మెడలోకి, జాకెట్టులోకి కారింది.

బావ తువ్వాలు తీసుకుని వచ్చాడు.

"ఆగండి. తుడవమని అది అడిగిందా?" అంది అక్క.

"నొక్కాను" అన్నాను. నిజంగా నొక్కాను. రెండుసార్లు నొక్కాను.

"నువ్వే ఆలస్యంగా నొక్కావ్" అంది అక్క. "ఊఁ, ఇంకో చెంచా."

గిన్నె నిండుగా ఉంది.